తెల్లకంకి కనబడ్డాక కొట్టే మందు ఎవరి కోసం?

సార్వా కోతలు అయిపోయాయి. పామర్రు చుట్టూ ఏ గట్టెక్కి చూసినా మినుము పచ్చగా పరుచుకుని ఉంది. ఆ పచ్చదనం మధ్య ఎండిపోయిన వరి మోళ్ళు మన కంటికి ఆనవు. మొన్న తెల్లకంకి బాగా పడిన చేనైతే ఓ పది దుబ్బులు వేళ్ళతో సహా పీకి, మోళ్ళను గోటితో నిలువునా చీల్చి చూడండి. ఏదో ఒక మోడు అడుగున, వేళ్ళకి కాస్త పైన, లేత పసుపు రంగు గొంగళి సన్నగా కనబడుతుంది. తల మాత్రం గోధుమ రంగు. మనం అప్పు చేసి కొట్టిన మందులన్నీ దాటుకుని వచ్చి అక్కడ తీరిగ్గా పడుకుని ఉంటుంది. రాబోయే పంట మీద వాలే తల్లి పురుగులకు విత్తనం అదే.

ఏటా అక్టోబరు, నవంబరు వచ్చేసరికి ఒక పాత పాట మొదలవుతుంది. రైతులకు అవగాహన లేదట, విచక్షణ లేకుండా మందులు గుమ్మరిస్తున్నారట. సదస్సుల్లో ఇదే మాట, టీవీల్లో ఇదే మాట. మేము దీన్ని ఒప్పుకోం. మందు అవసరానికి మించి పడుతున్న మాట నిజమే, కాదనం. కానీ ఆ నేరం రైతు నెత్తిన పెట్టేముందు ఈ పురుగు ఎలా బతుకుతుందో ఒకసారి చూడాలి. దాని బతుకు తెలిస్తే ఎవరి తప్పు ఎంతో అదే లెక్క తేలుతుంది.

కాండం తొలిచే పురుగు మనకు కొత్తది కాదు. మన తాతలు ఊస తిరుగుడు అనేవాళ్ళు, తెలంగాణ వైపు మొగి పురుగు అంటారు. శాస్త్రంలో దాని పేరు స్కిర్పోఫాగా ఇన్‌సర్ట్యులాస్. 1863లో వాకర్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త దీన్ని వర్ణించి పుస్తకానికెక్కించాడు. అంటే చదువుకున్నవాళ్ళ ప్రపంచానికి ఇది తెలిసి నూట అరవై ఏళ్ళు దాటింది.

తల్లి పురుగు చిన్నది. రెక్కలు ముడుచుకుని కూర్చుంటే మన వేలి గోరంత ఉంటుంది. ఆడది ఎండుగడ్డి రంగు, ముందు రెక్కలు రెండింటి మీదా నడి మధ్యన ఒక్కో నల్లచుక్క. ఆ చుక్క చూస్తే చాలు, వేరే గుర్తు అక్కర్లేదు. తోక చివర పసుపు నూగు కుచ్చులా ఉంటుంది. మగది ఇంకా చిన్నది, మట్టిరంగు, చుక్క సరిగా కనబడదు. పగలు చేలో దుబ్బుల మాటున నక్కి, చీకటి పడితే లేస్తుంది. దీపం కనబడితే అటే పోతుంది. బందరు రోడ్డు మీద హోటళ్ళ ముందు ట్యూబులైటు కింద పొద్దున్నే ఊడ్చేసే చెత్తలో చూడండి, ఏ వారం ఎంత పురుగు లేచిందో అక్కడే తెలుస్తుంది. రెక్కలొచ్చాక అది బతికేది వారం పది రోజులే. ఆ నాలుగు రోజులూ దానికి తిండి లేదు. జత కట్టడం, గుడ్లు పెట్టడం, చావడం, అంతే దాని పని.

గుడ్లు ఆకు కొన దగ్గర కుప్పగా పెడుతుంది. ఒక్కో కుప్పలో పదిహేను మొదలు ఎనభై దాకా ఉంటాయి. ఒక తల్లి మొత్తం మీద వంద నుంచి రెండొందల వరకు పెడుతుంది. పెట్టాక తన తోక నూగునే రాల్చి గుడ్ల మీద దుప్పటిలా కప్పుతుంది. దూరం నుంచి చూస్తే ఆకు మీద గోధుమ రంగు బూజు పట్టినట్టుంటుంది. దాన్ని తెగులు అనుకుని వదిలేసినవాళ్ళలో మేమూ ఉన్నాం.

వారంలోపు గుడ్లు పగులుతాయి. వెంట్రుక మందం పిల్లలు సన్నటి దారం వదిలి వేలాడుతూ గాలికి పక్క దుబ్బుల మీదికి చేరతాయి. ఆకు తొడిమలోకి దూరి రెండు మూడు రోజులు అక్కడ గోకి తిని, తర్వాత కాండానికి కన్నం పెట్టి లోపలికి పోతాయి. సాధారణంగా ఒక పిలకకి ఒక్క పురుగే. ఇక నెల రోజుల పైమాటే లోపల తింటూ పెరుగుతుంది. రెండు సెంటీమీటర్లు పెరిగాక, ముందు బయటికి పోయే దారికి కన్నం చేసి, దాన్ని పల్చటి పొరతో మూసిపెట్టుకుని, కాండం అడుగున తెల్లటి గూట్లో నిద్రపోతుంది. ఇంకో వారం పది రోజులకి ఆ పొర చించుకుని తల్లి పురుగై బయటికొస్తుంది. గుడ్డు నుంచి గుడ్డు దాకా నెలన్నర నుంచి రెండు నెలల లోపు. మన సాంబ మసూరి లాంటి అయిదు నెలల పంటలో రెండు మూడు తరాలు చక్కగా బతికేస్తాయి.

ఇప్పుడు లెక్క చూడండి. ఈ మొత్తం కాలంలో అది మన చేతికి చిక్కేది ఎన్నాళ్ళు? గుడ్డు మీద ఓ వారం, పిల్ల కాండంలోకి దూరే ముందు రెండు మూడు రోజులు. గట్టిగా పది రోజులు. తర్వాత అది కోటలో ఉంటుంది. పైన ఎంత ఖరీదు మందు కొట్టినా ఆకు తడుస్తుంది, గట్టు తడుస్తుంది, మన ఒళ్ళు తడుస్తుంది, పురుగు తడవదు. పిలక దశలో లోపల కొరికితే మొవ్వు ఎండిపోతుంది, లాగితే ఊడి చేతికొస్తుంది. దానికి పెద్దగా భయపడక్కర్లేదు, దుబ్బు ఇంకో పిలక వేసుకుంటుంది. పొట్ట దశలో కొరికితే మాత్రం కంకి తెల్లగా, తాలుగా, నిటారుగా వస్తుంది. తెల్లకంకి వచ్చాక దాన్ని పచ్చగా చేసే మందు ఈ భూమ్మీద లేదు.

కానీ మనం మందు కొట్టేది ఎప్పుడు? తెల్లకంకి కనబడ్డాకే.

ఎందుకంటే మనకు పురుగు గురించి చెప్పేవాళ్ళు ఆ పది రోజుల్లో ఎవరూ ఉండరు. కంకి తెల్లబడ్డాక మాత్రం ఒక తలుపు తెరిచే ఉంటుంది. అది మందుల కొట్టు. కొన్నేళ్ళ కిందట మాలో కొందరం తెల్లబడిన కంకులు పీకి చేతపట్టుకుని ఒక కొట్టుకి వెళ్ళాం. కంకిని చూడనైనా చూడకుండా రెండు రకాల మందు, వాటికి తోడు ఏదో టానిక్కు సంచిలో పెట్టి ఇచ్చారు. డబ్బు అడగలేదు, కోతలయ్యాక ఇవ్వమన్నారు. ఆ మాటే మమ్మల్ని పడగొట్టింది. కొట్టాం. తెల్లకంకి తగ్గలేదు సరిగదా, చేలో సాలీళ్ళు చచ్చి, పదిహేను రోజులకి దోమపోటు వచ్చింది. పైరిత్రాయిడ్ రకం మందులు కొడితే దోమను తినే సాలీళ్ళు, మిత్ర పురుగులు పోయి దోమ ఎగబడుతుందని తర్వాత తెలిసింది. మళ్ళీ అదే కొట్టుకి దోమ మందు కోసం వెళ్ళాం. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. అయినా చెప్తున్నాం, ఎందుకంటే అవగాహన లేదని మమ్మల్ని తిట్టేవాళ్ళు ఒక సంగతి గమనించాలి. పొలానికి దగ్గర్లో, రాత్రి ఎనిమిదింటికి కూడా తెరిచి ఉండి, అప్పు ఇచ్చి, సలహా చెప్పే బడి అదొక్కటే. ఆ బడి పంతులుకి మందు అమ్ముడైతేనే జీతం. ఆ పంతులు మందు అక్కర్లేదని పాఠం చెప్తాడా?

ఆ మందు మీద ప్రభుత్వం 18 శాతం జీఎస్టీ వేస్తోంది. ఎరువుకి 5 శాతం, పురుగుమందుకి 18 శాతం. పనికి రాని సమయంలో కొట్టిన మందు మీద కూడా పన్ను మాత్రం పనికొస్తుంది. నకిలీ మందుల మీద చట్టం 1968 నాటిది. కొత్త బిల్లు 2020లో రాజ్యసభలో పెట్టారు, పెట్టిన చోటే ఉంది.

మరి సరైన సమయం ఎలా తెలుస్తుంది? పెద్ద శాస్త్రం అక్కర్లేదు. ఎకరానికి మూడు లింగాకర్షక బుట్టలు పెట్టి, వారానికోసారి పడ్డ మగ పురుగుల్ని లెక్కపెట్టడమే. బుట్టకి వారంలో 25, 30 పడుతున్నాయంటే చేలో గుడ్లు మొదలైనట్టు. లేదంటే చేలో దిగి చదరపు మీటరుకి ఒక తల్లి పురుగో ఒక గుడ్ల కుప్పో కనబడుతోందా అని చూడటం. కనబడితే అప్పుడు మందు, లేకపోతే అక్కర్లేదు. గుడ్ల లోపలే తన గుడ్డు పెట్టి చంపే ట్రైకోగ్రామా అనే కంటికి ఆనని కందిరీగ జాతి ఉంది. ఎకరాకి 20 వేల చొప్పున కార్డులు కట్టాలని విశ్వవిద్యాలయం చెబుతోంది. నాటేముందు నారు కొనలు తుంచితే అక్కడున్న గుడ్లు అక్కడే పోతాయి. దీనికి రూపాయి ఖర్చు లేదని పుస్తకంలో రాశారు. రాసినవారికి ఒక మనవి: నాట్లు ఇప్పుడు గుత్తకి పోతున్నాయి. ఎకరాకి ఇంత అని మాట్లాడుకున్న ముఠా కూలీలు కట్ట కట్టకీ కొనలు తుంచుతూ కూర్చుంటే వాళ్ళకి గిట్టదు. వాళ్ళ తప్పు కాదు. ఆ కూలి ఎవరో ఒకరు ఇవ్వాలి కదా.

ఇవన్నీ తెలిసినవాళ్ళు దూరంగా లేరు. మార్టేరు వరి పరిశోధన స్థానం 1925లో పెట్టారు, నూరేళ్ళయింది. ఘంటసాలలో, మచిలీపట్నంలో వ్యవసాయ పరిశోధన స్థానాలున్నాయి, మనకి బస్సు దూరం. ఇక ఊరిలో రైతు భరోసా కేంద్రాలు 2020 మే 30న వచ్చాయి. 2024లో ప్రభుత్వం మారి రైతు సేవా కేంద్రాలయ్యాయి. బోర్డు మారింది, రంగు మారింది. లోపల కూర్చునే వ్యవసాయ సహాయకుడు పురుగుల గురించి చదువుకున్న కుర్రాడే. కానీ అతని పొద్దంతా ఈ-పంట నమోదుకీ, వేలిముద్రలకీ, ఎరువు పంపిణీకీ, ధాన్యం కొనుగోలుకీ సరిపోతోంది. పైనుంచి ఫోన్లో అడిగేది ఎన్ని ఎకరాలు నమోదయ్యాయి అనే. ఎన్ని తల్లి పురుగులు పడ్డాయి అని అతన్ని అడిగిన అధికారి ఉంటే మాకు చూపించండి, దండేస్తాం.

ఇంకో ముఖ్యమైన సంగతి, దీన్ని ఎవరూ పురుగు లెక్కలో కలపరు. నీళ్ళు. ఈ పురుగుని అదుపులో పెట్టడానికి మొదటి సూత్రం ఊరంతా ఒకేసారి నాటడం. ఒక వయసు పైరే ఉంటే పురుగుకి వంతులవారీగా తిండి దొరకదు. కానీ తూర్పు డెల్టాలో ఒకేసారి నాటడం మన చేతిలో ఉందా? కాలువ మొదట్లో ఉన్నవాళ్ళు నాటి నెలయ్యాక కూడా బంటుమిల్లి, కృత్తివెన్ను వైపు శివారు భూములకి నీరు అందక నారు ముదురుతూ ఉంటుంది. పట్టిసీమ నుంచి గోదావరి నీళ్ళు వస్తున్నాయి, మంచిదే. వచ్చిన నీరు చివరిదాకా పారాలంటే కాలువల్లో పూడిక తియ్యాలి, గుర్రపుడెక్క తియ్యాలి, తూములకు షట్టర్లుండాలి. ఆ పని కాలువలు కట్టేసిన వేసవిలో జరగాలి. నీళ్ళు వదిలే ముందు వారం హడావిడిగా మొదలుపెట్టి, నీళ్ళొచ్చాయని ఆపేసి బిల్లులు చేసుకోవడం కాదు. పైన ముందు నాటిన చేలల్లో ఒక తరం పురుగు పెరిగి రెక్కలొచ్చేసరికి, కింద ఆలస్యంగా నాటిన చేలు సరిగ్గా లేత దశలో ఎదురుచూస్తుంటాయి. శివారు రైతుకి నీళ్ళు ఆఖరున వస్తాయి, పురుగు మాత్రం గుంపుగా వస్తుంది. దీన్ని రైతు అవగాహనా లోపం అంటారా?

మినుము సంగతి కూడా చెప్పాలి. కోత అవ్వగానే దున్ని మోళ్ళు తిరగేస్తే నిద్రపోయే పురుగులు చస్తాయని ప్రతి కరపత్రంలోనూ ఉంటుంది. ఈ సలహా డెల్టాని చూడనివాళ్ళు రాసింది. మనం కోతకి రెండు మూడు రోజుల ముందే వరి చేలో మినుము చల్లుతాం. తడి ఆరకముందే మొలవాలి, మంచుకే పండాలి. దున్నితే మినుము ఏది? చాలామందికి వరి అప్పు తీరుస్తుంది, మినుము ఇల్లు గడుపుతుంది. మనం చెయ్యగలిగింది రెండే. కొడవలితోనైనా మిషనుతోనైనా వరి నేలకి ఆనించి కోయించడం, మినుము తీశాక వేసవి దుక్కి. మిషను ఎత్తుగా కోసి జానెడు మోడు వదిలిపెడుతోంది, దాన్లో గొంగళికి ఇల్లు కట్టించినట్టే. తగ్గించి కోయమంటే బురదలో దిగబడుతుందని డ్రైవరు ఒప్పుకోడు. వేసవి దుక్కికి డీజిలు ఖర్చు ఉంది. కౌలు రైతుకైతే వచ్చే ఏడు ఆ చేను తనకే ఉంటుందన్న భరోసా లేదు. ఎవరి చేనో దుక్కి దున్ని పోయేంత ధర్మాత్ములు ఎవరుంటారు?

డబ్బుల్లోకి వద్దాం. ఎకరాకి 30 బస్తాలు పండే చేను అనుకుందాం. కంకుల్లో పదోవంతు తెల్లబడితే మూడు బస్తాలు పోతాయి. 2025-26 మద్దతు ధర సాధారణ రకానికి క్వింటాల్‌కి 2,369 రూపాయలు, అంటే 75 కిలోల బస్తా సుమారు 1,777. మూడు బస్తాలకి 5,300 పైన. మద్దతు ధర పూర్తిగా చేతికొస్తేనే సుమా! దాని మీద దండగ మందుల ఖర్చు వేరు. కౌలు మాత్రం బస్తాల్లో ఒప్పుకున్నది ఒప్పుకున్నట్టే కొలవాలి, తెల్లకంకి సొంతదారు వాటాలో పడదు.

పంటల బీమా ఉందిగా అంటారు. ఉంది. ప్రీమియం ఖరీఫ్‌లో రెండు శాతం, రబీలో ఒకటిన్నర శాతం రైతు కట్టాలి. ప్రధానమంత్రి ఫసల్ బీమాలో వడగళ్ళు పడితే ఆ ఒక్క రైతు నష్టాన్ని విడిగా లెక్కగడతారు. పురుగుకి అలా లేదు. ఊరు మొత్తం దిగుబడి సగటులో అది కనబడాలి. ఊళ్ళో నాలుగు చోట్ల కోత ప్రయోగం చేసి సగటు తీస్తారు. ముందు నాటిన ముప్ఫై మంది చేలు బాగుండి, ఆలస్యంగా నాటిన పదిమంది చేలు తెల్లబడితే, సగటు బాగుంటుంది, ఆ పదిమందీ గోవిందా. కౌలు రైతుకి ఆ సగటు కూడా దక్కదు. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం 11 నెలల కార్డు కావాలంటే సొంతదారు సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందని వాళ్ళ భయం. ఆ భయం పోగొట్టే పని ఏ ప్రభుత్వమూ చెయ్యలేదు. నష్టపోయింది ఒకడు, కాగితంలో ఉన్నది ఇంకొకడు.

ఇదంతా మార్చలేనిది కాదు. ఇండోనేషియాలో 1986లో దోమపోటు వరిని ఊడ్చేస్తుంటే, సైనిక పాలకుడైన సుహార్తో వరిలో 57 రకాల మందుల్ని నిషేధించాడు. మందుల మీద సబ్సిడీ తీసేసి, 1989 నుంచి రైతుల్ని పాతిక ముప్ఫై మంది గుంపులుగా పొలంలోనే కూర్చోబెట్టి పురుగుల పాఠం నేర్పించారు. వరి దిగుబడి పడిపోలేదు. మన రాష్ట్రంలో కూడా పొలంబడి పేరుతో అది వచ్చింది. మాలో కొందరం ఆ బడిలో కూర్చున్నవాళ్ళమే. వారం వారం చేలో దిగి దుబ్బులు విప్పి, పురుగుల్ని కాగితం మీద బొమ్మలు గీసేవాళ్ళం. నల్లచుక్క మాకు అక్కడే తెలిసింది. నిధులున్నన్నాళ్ళు నడిచింది. తర్వాత పొలం పిలుస్తోంది వచ్చింది. అధికారి వస్తాడు, ఫొటో దిగుతాడు, జియో ట్యాగ్ అవుతుంది. పొలం పిలిచేది నిజమే, వచ్చినవాళ్ళు దుబ్బు వంగి చూసే తీరిక లేకుండా వెళ్ళిపోతున్నారు.

అందుకని మేము అడిగేది సబ్సిడీ మందు కాదు. ప్రతి రైతు సేవా కేంద్రం పరిధిలో ఆగస్టు నుంచి నవంబరు వరకు బుట్టలు పెట్టి, వారం వారం పడిన పురుగుల అంకె గోడ మీద నల్లబల్లపై రాయాలి. అంకె పెరిగిన వారం ఊళ్ళో దండోరా వెయ్యాలి. ఆ వారానికి ట్రైకోగ్రామా కార్డులు అక్కడ సిద్ధంగా ఉండాలి. మందు అవసరమైతే అది కూడా అక్కడే, అప్పు మీద, కౌలు రైతుకి సైతం ఇవ్వాలి. శివారుకి నీరందే తేదీని నీటిపారుదల సలహా మండలి సమావేశంలో ముందే ప్రకటించి, ఆ తేదీ తప్పితే వచ్చే పురుగు నష్టానికి ప్రభుత్వమే జవాబు చెప్పాలి. బీమాలో వడగళ్ళకి ఉన్నట్టే తెల్లకంకికి కూడా చేను చూసి నష్టం కట్టాలి. సొంతదారు సంతకం లేకుండా, గ్రామసభలో విచారించి సాగుదారు కార్డు ఇవ్వాలి.

ఈ డిమాండ్లతో మండల కార్యాలయానికి వెళ్ళేముందు మనం చేసుకోవాల్సిన పని ఒకటుంది. మినుము పీకే రోజుల్లో ప్రతి ఊళ్ళో సంఘ సభ్యులు అయిదారు చేలల్లో, ఒక్కో చేలో పది దుబ్బుల చొప్పున మోళ్ళు చీల్చి, ఎన్నిటిలో పురుగుందో కాగితం మీద రాసుకురండి. చేను కాలువకి ఎంత దూరం, ఏ తేదీన నాటారు, ఎన్నిసార్లు మందు కొట్టారు, ఎవరు చెబితే కొట్టారు, ఇవి కూడా రాయండి. సొంత చేనా కౌలు చేనా అన్నది మర్చిపోవద్దు. ఊరివారీ కాగితాలు మార్చి నెల మండల కమిటీ సమావేశానికి పామర్రు తీసుకురావాలి. పురుగు దొరికితే చిన్న సీసాలో వేసి తెండి, నల్లచుక్క ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడని కుర్రాళ్ళు చాలామంది ఉన్నారు, రెక్కలొచ్చేదాకా ఉంచి చూపిద్దాం.